సగం కలుషితం

"మేడం, మళ్ళీ ఎర్ర లైటు," అన్నాడు మస్తాన్, పడవ ఇంజను ఆపుతూ.

భవాని చేతిలోని సీసా పక్కన పెట్టి యంత్రం దగ్గరికి జరిగింది. ఎర్ర లైటు వెలగడం కొత్తేమీ కాదు. నీళ్ళు పట్టేటప్పుడు తొడుగు లేని వేలు ఒక్కటి తగిలినా వెలుగుతుంది. ఆ నీళ్ళు పారబోసి, కొత్త తొడుగులు వేసుకుని మళ్ళీ పట్టాలి. కానీ ఈసారి తెర మీద కనబడిన మాట ఆమె ఇదివరకెన్నడూ చూడలేదు.

కలుషితం: సగం.

"సగం ఏంటి బాబాయ్? ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి."

"నన్నడుగుతారేంటి మేడం, నాకు ఇంజనే తెలుసు," అని నవ్వాడు మస్తాన్.

కృష్ణానదిలో దెయ్యం చేపల వేట మొదలై అది పన్నెండో రోజు. ఒంటి నిండా ముళ్ళూ, రాయిలాంటి చర్మమూ ఉన్న ఆ చేపను మన నీళ్ళలో ఎవరూ ఎరుగరు. అద్దాల తొట్లకు పట్టే పాచి తినిపెడుతుందని ఎవరో పరాయి దేశం నుంచి తెచ్చారు. అది ఏట్లో పడింది. వలలు చీల్చింది, గట్లు తవ్వింది, జెల్లలూ వాలుగలూ పెట్టిన గుడ్లు మింగింది. ఎన్ని పట్టి ఒడ్డున పారేసినా తరగడం లేదు. ఎక్కడినుంచో కొత్తవి వచ్చి కలుస్తున్నాయి. ఆ చోటు కనిపెట్టే పని భవాని పనిచేసే ప్రయోగశాలకు అప్పగించారు.

అందుకోసం వాళ్ళు తయారుచేసిన యంత్రం పేరు 'జాడ'. నీళ్ళలో బతికే ప్రతి ప్రాణీ ఆ నీళ్ళలో తన జిగురో, పొలుసో, మలమో ఎంతో కొంత వదులుతుంది. గ్లాసెడు నీళ్ళు పోస్తే చాలు, ఇరవై నిమిషాల్లో అందులో ఏయే చేపల జన్యువులున్నాయో, అవి వదిలి ఎన్ని గంటలైందో, ప్రవాహాన్ని బట్టి ఎంత దూరం నుంచి కొట్టుకొచ్చాయో జాడ చెప్పేస్తుంది.

మనుషులూ ఏట్లో దిగుతారు, స్నానాలు చేస్తారు, బట్టలు ఉతుకుతారు. వాళ్ళ జాడలూ నీళ్ళలో ఉంటాయి. వాటిని చదవకుండా పారేయాలని చట్టం. ఒక్క మినహాయింపు, నీళ్ళు పట్టిన మనిషిది. ఆ మనిషి జన్యువుల గుర్తు ముందే యంత్రంలో దాచి ఉంచుతారు. నీళ్ళలో అది కనబడితే చేయి తగిలిందని అర్థం. ఎర్ర లైటు అందుకే.

భవాని తొడుగులు మార్చి మూడుసార్లు నీళ్ళు పట్టింది. మూడుసార్లూ సగమే చూపించింది.

ప్రయోగశాల పెద్ద ప్రభంజనరావు గారికి ఫోన్ చేస్తే ఆయన తేలిగ్గా నవ్వేశారు. "మీ నాన్నగారు ఏట్లో వేట చేస్తారు కదండీ భవాని గారూ? మీ జన్యువుల్లో సగం ఆయనవే. మీ నాన్న వలేసి వెళ్ళిన చోట మీరు నీళ్ళు పట్టుంటారు."

ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అని భవాని కూడా నవ్వుకుంది.

*

కృష్ణలంకలో వాళ్ళ ఇంటి అరుగు మీద కోటిలింగం వల పరుచుకుని కూర్చున్నాడు. వల మధ్యలో తలకాయ పట్టేంత చిరుగు. అలాంటివి ఇంకో రెండు.

"రాములు వల ఇది. వాడికి కళ్ళు ఆనట్లా, నన్ను కుట్టమన్నాడు," అన్నాడు కూతురు అడగకుండానే. "ఇంకెన్ని రోజులమ్మా మీ పరిశోధన? సంఘంలో అందరూ నన్నే అడుగుతున్నారు. నీ కూతురు ఏం తేల్చిందయ్యా అని."

"వారంలో తేలుతుంది నాన్నా. అన్నట్టు ఇవాళ వేటకి ఎటు వెళ్ళావు? ఇబ్రహీంపట్నం పైకా?"

"ఎటూ పోలా. మోకాళ్ళు పట్టేసి పడవెక్కి నెలయింది. అదీ తెలవదా నీకు?"

భవాని చెప్పులు విప్పబోయి ఆగిపోయింది. నాన్న నెల రోజులుగా ఏట్లో దిగలేదు. యంత్రం చూపించిన జాడ వయసు ఐదు గంటలు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పిల్లలూ ఆమెకు లేరు. తల్లి పోయి పాతికేళ్ళయింది.

"ఏమైందే? అట్లా నిలబడ్డావు?"

"ఏం లేదు. యంత్రం పాడైనట్టుంది."

మర్నాడు పొద్దున్నే ఆమె ఒడ్డున యాభై అడుగుల దూరంలో నిలబడి, మస్తాన్ చేత నీళ్ళు పట్టించింది. యంత్రం మీట కూడా అతనే నొక్కాడు. సగం. రెండు మైళ్ళు పైకి వెళ్ళి పట్టించింది. సగం. దెయ్యం చేపల లెక్క కూడా పైకి వెళ్ళేకొద్దీ పెరుగుతోంది. మునేరు వచ్చి కృష్ణలో కలిసే చోట పడవ ఆపి, రెండు నీళ్ళూ వేర్వేరుగా పట్టారు. కృష్ణ నీళ్ళలో దెయ్యం చేపా లేదు, సగమూ లేదు. మునేరు నీళ్ళలో రెండూ ఉన్నాయి.

"మునేట్లోకి పోనిమ్మంటారా మేడం?"

"పోనీ బాబాయ్."

మునేట్లో నాలుగు కిలోమీటర్లు వెళ్ళాక తెర మీద ఇంకో వరుస చేరింది.

కలుషితం: సగం. కలుషితం: పాతిక.

భవాని పడవ అంచున కూర్చుండిపోయింది. పాతిక వంతు అంటే ఒకే తల్లికో ఒకే తండ్రికో పుట్టిన వేరే బిడ్డ. అది ఆమె చదువుకున్న పాఠమే. ఆ పాఠం తన గురించి ఎలా అవుతుందో అర్థం కాలేదు. యంత్రం లోపల పారేయడానికి పక్కన పెట్టిన చిట్టా ఒకటి ఉంటుంది. దాన్ని తెరవకూడదు. తెరిస్తే ఉద్యోగం పోతుందని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. మస్తాన్ బీడీ వెలిగించుకోవడానికి అటు తిరిగినప్పుడు ఆమె దాన్ని తెరిచింది.

సగం: స్త్రీ. తల్లి వైపు జన్యువు ఒకటే. బంధుత్వం: తల్లి. వదిలి నలభై నిమిషాలు.

ఆమె ఆ వరుసను నాలుగుసార్లు చదివింది. చనిపోయిన మనిషి ఒంటి నుంచి ఇన్నేళ్ళకు నీళ్ళలోకి ఏమీ రాదు. నలభై నిమిషాల కిందట ఆ ఏట్లో చేతులు పెట్టిన మనిషి బతికే ఉంది. అంటే యంత్రమన్నా తప్పు, తన పుట్టుకన్నా తప్పు, శవం దొరక్కుండానే పాతికేళ్ళ కిందట చేసిన పెద్దకర్మ అన్నా తప్పు. ఏది తప్పయితే తనకు బాగుంటుందో కూడా ఆమెకు తేలలేదు.

"వెనక్కి పోదామా మేడం? మొహం పాలిపోయింది మీకు," అన్నాడు మస్తాన్.

"లేదు. చేపల లెక్క ఇంకా పెరుగుతోంది. పైకే పోవాలి."

*

ఆ చోటు దొరకడానికి ఇంకో గంట కూడా పట్టలేదు. మునేటి గట్టు మీద రేకుల షెడ్డు, దాని పక్కన పన్నెండు సిమెంటు తొట్లు. తొట్ల అడుగు నీళ్ళన్నీ ఒక తూము గుండా ఏట్లోకి పోతున్నాయి. పంతొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి జడ పైకి ముడేసుకుని తొట్లలో మేత చల్లుతోంది.

"రంగు చేపలు కావాలా అక్కా?" అంది భవానిని చూసి. "గోల్డ్ ఫిష్ అయిపోయినయ్. గప్పీలున్నయ్, ఏంజెల్ ఉన్నయ్."

"పాచి తినే చేపలున్నాయా?"

"ఎందుకు లేవు? నాలుగు తొట్ల నిండా ఉన్నయ్. వేలెడంత ఉన్నప్పుడే తీసుకోవాలి. పెరిగితే ఎవరూ కొనరు."

"మరి పెరిగినవాటిని ఏం చేస్తారు?"

"మా అమ్మకి చంపబుద్ధి కాదు. ప్రాణమున్నవి కదా అని ఏట్లో వదిలేస్తది," అంది ఆ పిల్ల మామూలుగా. "మా నాన్న ఉన్నప్పుడు తిట్టేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు."

షెడ్డులోంచి ఒకావిడ బేసిను పట్టుకుని వచ్చింది. అరవైకి దగ్గరపడిన మనిషి, బక్కపలచగా ఉంది, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. ఇంట్లో గోడ మీది ఫోటోకూ ఈమెకూ పోలిక కోసం భవాని వెతికింది. ఏమీ దొరకలేదు. గుండె కొట్టుకోవాలి, కాళ్ళు వణకాలి అనుకుంటూ వచ్చింది. ఏమీ కాలేదు. అక్కడ ఎవరో ఒకావిడ నిలబడి ఉంది, అంతే.

"ఎవరమ్మా? ఏం కావాల?"

"చేపల పరిశోధన నుంచి వచ్చాం. మీ పేరు?"

"తాయారు."

"పూర్తి పేరు చెప్పండి. రాసుకోవాలి."

"మంగతాయారు. రాసుకునేదేముంది, ఈ కాసిని తొట్లకి?" అని నవ్వి, "మీ పేరేంటమ్మా?" అంది.

"దుర్గాభవాని. మాది కృష్ణలంక."

తాయారు బేసిను కింద పెట్టింది. పెట్టడంలో అందులోని నీళ్ళు ఆమె పాదాల మీద చిందాయి. ఆమె వంగి తుడుచుకోలేదు.

"ఝాన్సీ," అంది కూతురితో. "మేడం గారికి టీ పెట్టి తీసుకురా. అల్లం దంచి వెయ్యి."

ఆ పిల్ల లోపలికి వెళ్ళింది. వెళ్ళాక తాయారు అడిగిన మొదటి మాట, "నాన్న ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఎట్లా కనుక్కున్నావు నన్ను?"

"నీళ్ళలో," అంది భవాని. ఆమెకు అర్థం కాలేదని తెలిసి, "చేపల కోసం వెతుకుతుంటే నువ్వు దొరికావు," అంది. నువ్వు అనాలో మీరు అనాలో తెలియకుండానే ఆ మాట వచ్చేసింది. "ఎందుకు వెళ్ళిపోయావు?"

ఆ ప్రశ్న కూడా తొట్ల గురించి అడిగిన ప్రశ్నలాగే పలికింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

తాయారు తొట్టి గట్టు మీద కూర్చుంది. "కడుపులో పిల్లాడు పోయాక రెణ్ణెల్లు నాకు నిద్ర లేదు. ఒకరోజు పొద్దున బిందె తీసుకుని ఏటికి పోయా. బిందె ఒడ్డున పెట్టి దిగా. చావడానికి దిగానో ఊరికే దిగానో ఇప్పటికీ నాకే తెలవదు. ఇసక పడవ వాళ్ళు పైకి లాగి ఎక్కడో ఆస్పత్రిలో చేర్పించారు. పేరు అడిగితే చెప్పలా. నోరు రాలా. పదకొండో రోజున లేచి మన సందు మొగదాకా వచ్చా."

"వచ్చావా?"

"వచ్చా. నా ఫోటోకి దండేసి ఉంది. అందరూ భోజనాలు చేస్తున్నారు. నువ్వు మీ నాయనమ్మ ఒళ్ళో కూర్చుని గారె తింటున్నావు. ఏడవట్లా. సర్లే, కుదురుకున్నారు కదా అనుకున్నా. చచ్చిపోయినదాన్ని ఇంట్లోకి ఎట్లా వచ్చేది?"

భవాని ఆ రోజును గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఫోటో గుర్తుంది, జనం గుర్తున్నారు. గారె గుర్తులేదు. "ఆకలేసి ఉంటుంది," అంది చివరికి. "తొమ్మిదేళ్ళు నాకు."

తాయారు ఆమె వంక చూసింది. "అవును," అంది. "నాకప్పుడు ఆ ఆలోచన రాలా."

ఆమె ఏడుస్తుందేమోనని భవాని భయపడింది. ఏడవకపోతే ఎలాగో అని కూడా భయపడింది. తాయారు పమిట చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. ఝాన్సీ తండ్రి చేప పిల్లల లారీ నడిపేవాడనీ, తిరిగొచ్చి ఆస్పత్రి బయట కూర్చున్న తనకు అన్నం పెట్టించి ఏ వివరమూ అడగలేదనీ చెప్పింది. కూతురికి ఏమీ తెలియదనీ, ఆ మాట తానే చెబుతాననీ, రెండు రోజులు ఆగమనీ అడిగింది.

"నాన్నకి తెలుసా?"

"తెలవదు. తెలిస్తే రాకుండా ఉంటాడా?" అంది. "ఏడెనిమిదేళ్ళ కిందట ఒకసారి అవతలి ఒడ్డున పడవ ఒకటి చాలాసేపు ఆగింది. అందులో మనిషి మీ నాన్నలాగే నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. నాకప్పుడు కళ్ళజోడు లేదు."

ఝాన్సీ టీ తెచ్చింది. భవాని గ్లాసు అందుకుంది. తనకు తెలిసిన మాటే మాట్లాడింది. ఈ తొట్లు మూసేయాల్సి వస్తుంది, తూము కట్టేస్తారు, పాచి చేపలు ఒక్కటి కూడా మిగలకూడదు అంది.

"చంపుతారా వాటిని?" అంది తాయారు.

"చంపాలి. ఇక్కడినుంచి పోయినవే కింద వలలన్నీ చీల్చేస్తున్నాయి. నాన్న ఇంట్లో కూర్చుని కుడుతున్నది అలాంటి వలే."

తాయారు చెయ్యి నోటి మీదికి పోయింది. ఆ మాట ఎందుకన్నానా అని భవాని అనుకుంది. నిజమే కదా అని కూడా అనుకుంది.

*

ప్రభంజనరావు గారి గదిలో ఆమె నిలబడే అంతా చెప్పింది. చిట్టా తెరిచిన సంగతితో మొదలుపెట్టింది. 

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అన్నారు అంతా విన్నాక. "ఎందుకు చెప్పారు?"

"తెలీదు సార్."

"రిపోర్టు ఇంకొకరి చేత రాయించమంటారా?"

"అదీ తెలీదు సార్."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఆరేళ్ళు కష్టపడి తయారుచేసిన యంత్రం బల్ల మీద ఉంది. దాన్ని చూసి గర్వపడని రోజు ఆయనకు లేదు. "ఎవరికీ కనబడకూడదని వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది ఏ ఏటి ఒడ్డున బతుకుతున్నారో," అన్నారు. "ఇది ఇంత పని చేస్తుందని బయట తెలిస్తే వాళ్ళను వెతికేవాళ్ళు మన గుమ్మం ముందు వరుస కడతారు. వెతికేవాళ్ళందరూ మీలాంటివాళ్ళు కారు." ఆయన తిరిగి వచ్చి కూర్చున్నారు. "ఆ చిట్టా నేనే చెరిపేస్తాను. తెరిచినందుకు ఏం శిక్ష వేయాలో తర్వాత ఆలోచిస్తాను. కానీ చేపల లెక్క చెరపలేనమ్మా. అది నా చేతుల్లో లేదు."

"చెరపమని అడగడానికి రాలేదు సార్."

బయటికి వచ్చాక ఆమెకు అనుమానం వచ్చింది. అడగడానికే వచ్చిందేమో.

రిపోర్టు ఆమే రాసింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోయింది. యజమాని పేరు అన్న చోట తల్లి పేరు రాసి, ఇంటిపేరు దగ్గర ఆగింది. తన ఇంటిపేరు రాయబోయి, టీ ఇచ్చినప్పుడు ఝాన్సీ చెప్పిన వాళ్ళ నాన్న ఇంటిపేరు రాసింది.

*

సాయంత్రం ఎండ తగ్గక ముందే ఇంటికి వచ్చేసింది. కోటిలింగం రాములు వల కుట్టడం పూర్తిచేసి మడత పెడుతున్నాడు.

"దొరికింది నాన్నా," అంది గుమ్మంలోనే. "మునేటి గట్టు మీద రంగు చేపల తొట్లు. పెరిగినవాటిని ఏట్లో వదిలేస్తున్నారు."

"ఎవరు?"

"మంగతాయారని ఒకావిడ."

పేరు అనేసి ఆమె తండ్రి మొహం చూసింది. అక్కడ ఏదో ఒకటి కనబడుతుందనుకుంది. కోటిలింగం వల మడత ఒకటి వేశాడు. ఇంకోటి వేశాడు.

"మూసేస్తారా?"

"ఎల్లుండి మూసేస్తారు."

"తర్వాత ఎట్లా బతుకుద్ది మరి?"

భవాని తండ్రి వంక చూసింది. ఆయనకు ఇప్పుడే అర్థమైందా? ఎన్నడో తెలుసా? లేక బతుకుతెరువు పోతున్న ఎవరో ఆడమనిషి గురించి ఊరికే అడిగాడా? తల్లి పోయిన రోజున ఏటా ఆయన ఏటి ఒడ్డుకు వెళ్ళి పిండం పెట్టేవాడు. భవాని ఇంజినీరింగులో చేరిన ఏడు... కాదు, ఉద్యోగంలో చేరిన ఏడు... ఎప్పుడో మానేశాడు. ఎందుకంటే "ఇంక చాల్లే" అన్నాడు. అది ఏడెనిమిదేళ్ళ కిందటా, అంతకుముందా? ఎంత తవ్వుకున్నా ఆమెకు గుర్తురాలేదు.

"నాన్నా, నీకు..."

"ఎల్లుండి తొట్లు ఖాళీ చేయడానికి వల తెలిసినవాళ్ళు ఉండాలిగా," అన్నాడు కోటిలింగం. "ఆఫీసు వాళ్ళకి చేతకాదు. చేతులు కోసుకుంటారు. మస్తాన్‌ని పొద్దున్నే పడవ తెమ్మను."

"మోకాళ్ళ నొప్పులతో ఎక్కడికి నాన్నా?"

"పడవలో కూర్చునే కదా పోయేది."

*

తొట్లు మూసే రోజు మబ్బు పట్టి ఉంది. మత్స్యశాఖ వాళ్ళు గట్టు మీద జీపు ఆపి కాగితాలు చూసుకుంటున్నారు. మస్తాన్ పడవను ఒడ్డుకు చేర్చాడు. కోటిలింగం కూతురు అందించిన చెయ్యి పట్టుకోకుండా, వల భుజానేసుకుని తనంతట తానే దిగాడు. బురదలో ఒక కాలు జారింది, నిలదొక్కుకున్నాడు.

తాయారు మొదటి తొట్టి దగ్గర నిలబడి ఉంది. కొత్త చీరేమీ కాదు, రోజూ కట్టేదే. ఆయన గట్టెక్కి వస్తున్నంతసేపూ ఆమె కదలలేదు. భవాని ఇద్దరికీ మధ్యలో ఉండిపోయింది. ముందుకు వెళ్ళాలో పక్కకు తప్పుకోవాలో తెలియలేదు. ఎవరో ఒకరు అరుస్తారని, పడిపోతారని ఎదురుచూసింది.

కోటిలింగం తాయారుకు నాలుగడుగుల దూరంలో ఆగి, భుజం మీది వల దించాడు. గట్టెక్కినందుకు ఆయాసపడుతున్నాడు. ఆయాసం తీరేదాకా ఆగి అడిగాడు:

"ఏ తొట్టి ముందు?"

"ఆ చివరిది," అంది తాయారు. కళ్ళజోడు సవరించుకుంది. "అందులో పెద్దవున్నయ్. ముళ్ళు జాగ్రత్త."

"తెలుసు," అన్నాడాయన.

ఏం తెలుసన్నాడో భవానికి అర్థం కాలేదు. ముళ్ళ సంగతే అయ్యుండొచ్చు. ఆయన చివరి తొట్టి వైపు నడిచాడు. నాలుగడుగులు వెనకగా తాయారు నడిచింది.

ఝాన్సీ వచ్చి భవాని పక్కన నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నిన్న అమ్మ ఏదేదో చెప్పింది," అంది. "నువ్వు వచ్చావని కోపం రావాలో సంతోషించాలో తెలవట్లా. తొట్లు పోతున్నయ్యని ఏడ్చానో, అమ్మ మాటకేడ్చానో కూడా తెలవదు. నీకేమన్నా అర్థమైందా?"

"లేదు," అంది భవాని.

"మరి ఇప్పుడేం చేయాల?"

తొట్టి దగ్గరినుంచి కోటిలింగం కేకేశాడు. వల అడ్డంగా పరిచి ఉంది. ఒక గట్టు మీద ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస తాయారు చేతిలో ఉన్నాయి. ఎదుటి గట్టు మీద రెండు కొసలు ఖాళీగా పడి ఉన్నాయి. నీళ్ళలో నల్లగా పెద్దపెద్ద చేపలు అడుగున అంటుకుని కదలకుండా ఉన్నాయి.

భవాని ఒక కొస తీసుకుని, రెండోది ఝాన్సీ చేతిలో పెట్టింది. ఆ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. వల ఎలా పట్టుకోవాలో ఆమెకు తెలియదు. వేళ్ళ చుట్టూ ఒక చుట్టు తిప్పి చూపించింది భవాని.

"అట్లా వదులుగా కాదు," అన్నాడు కోటిలింగం అటునుంచి. ఆయన ఝాన్సీ మొహం వంక చూశాడు. కాసేపు అలాగే చూసి తల తిప్పుకున్నాడు. "గట్టిగా పట్టుకోండి. నేను చెప్పినప్పుడు ఇద్దరూ ఒకేసారి లాగండమ్మా."

ఇద్దరూ గట్టిగా పట్టుకున్నారు. ఆయన చెప్పగానే లాగారు.